పశువీర్య పరిశుభ్రత: చిత్తూరు పాడిసీమ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

వర్షాధార సేద్యమే దిక్కైన చిత్తూరు ప్రాంత రైతుకు పాడి పెద్ద ఆదరువు. పుంగనూరు పొట్టి ఆవులకు పుట్టినిల్లయిన ఈ సీమలో జెర్సీ సంకరజాతి ఆవులు వ్యాపించడానికి కృత్రిమ గర్భధారణ ముఖ్య సాధనమైంది. ఆబోతు నేరుగా దాటినప్పుడు ఆవులకు సోకే జననేంద్రియ వ్యాధులను అరికట్టడం ఈ విధానపు తొలి ప్రయోజనాలలో ఒకటి. అయితే ఒకసారి సేకరించిన వీర్యం నుండి వందల మోతాదులు తయారవుతాయి. కనుక అందులో చేరిన బాక్టీరియా వందల ఆవులకు చేరే ప్రమాదమూ దానితోనే వచ్చింది.

చారిత్రక క్రమం:

భారతదేశంలో ఈ పద్ధతికి 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫామ్‌లో సంపత్ కుమారన్ శ్రీకారం చుట్టారు. ఆ దశాబ్దాంతం నుండి ప్రపంచవ్యాప్తంగా వీర్యాన్ని పలుచన చేయడానికి గుడ్డుసొన వాడుకలోకి వచ్చింది. అది వీర్యకణాలకు రక్షణ, బాక్టీరియాకు ఆహారం కూడా. 1940లలో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఆల్మ్‌క్విస్ట్ ప్రభృతులు పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ చేర్చి ఈ సమస్యను ఎదుర్కొన్నారు. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిసరాల్ రక్షణగుణాన్ని నిరూపించడంతో వీర్య ఘనీకరణకు మార్గం ఏర్పడింది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యకణాలు ఏళ్లతరబడి నిలుస్తాయి. అనేక బాక్టీరియాలు కూడా అక్కడ చావక నిలుస్తాయి.

స్థానిక ప్రాసంగికత:

1955లో తిరుపతిలో ఏర్పడిన పశువైద్య కళాశాల 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఈ సీమ పశువైద్య విద్యకు అదే కేంద్రం. ఆబోతు ముందోలు, పాక దుమ్ము, కృత్రిమ యోని, నీరు, సేకరించేవారి చేతులు కాలుష్యానికి ప్రధాన మార్గాలు. సూడోమోనాస్, స్టాఫిలోకాకస్ వంటివి వీర్యకణాల చలనాన్ని తగ్గిస్తాయి, గర్భాశయ శోథకూ కారణం కాగలవు. ఆవు చూలు కట్టకపోతే రైతు దాదాపు 21 రోజులు, తరువాతి ఎద వరకు, ఆగాలి. ఆ మేత ఖర్చు అతనిదే. తిరిగి పొర్లడానికి పోషణలోపం మొదలు ఎద గుర్తింపు వరకు కారణాలు అనేకం. వాటిలో వీర్య కాలుష్యం గోపాలమిత్రకు గాని, రైతుకు గాని కంటికి కనిపించదు.

ముగింపు:

2004లో కేంద్ర ప్రభుత్వం ఘనీకృత వీర్యోత్పత్తికి కనీస ప్రమాణాలు నిర్దేశించి, ఉత్పత్తి కేంద్రాల తనిఖీకి వ్యవస్థ ఏర్పరచింది. ఔషధనిరోధకత పెరుగుతున్న నేటికాలంలో యాంటీబయాటిక్ మీద భారం వేయడం క్షేమం కాదు. ఆబోతు పాకలో పాటించే శుభ్రతే ఊరి ఆవుకు మొదటి రక్ష.