బాడిస గాట్లు

చిప్పింగ్ ఆంగర్ ఊరు దాటి పొలాల మధ్య మైలు దూరం నడిచారు. ముందు తెల్ల చెక్కల బురుజు కనిపిస్తుంది. గేటు తోసుకుని, సమాధుల పక్కగా గోడ దగ్గరికి రండి. చెయ్యి ఆనించండి. రాయి కాదు, ఓక్ మొద్దులు! నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికి తిప్పి వరసగా నిలబెట్టారు. వానకు నాని, ఎండకు ఎండి నల్లబడ్డాయి. కొన్ని పగుళ్లలో వేలు దూరుతుంది.

ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ సెయింట్ ఆండ్రూ చర్చి ఇది. చెట్టు వలయాలను బట్టి ఈ మాన్లను 11వ శతాబ్దం రెండో సగంలో నరికారని తేల్చారు. ఇంగ్లండులో నిలిచి ఉన్న చెక్క చర్చిల్లో ఇంతకంటే పాతది లేదు.

వంగి అడుగున చూడండి. మొద్దుల కింద ఇటుక కట్టు ఉంది. మొదళ్లు పుచ్చిపోతే 1848లో పుచ్చిన మేర కోసేసి ఇలా ఎత్తు మీద నిలబెట్టారు. పాతదనం చెడిందని బాధపడేవాళ్లున్నారు. ఆ కోత లేకపోతే ఇవాళ మన చేతికి తగలడానికి ఏమీ మిగిలేది కాదని నా నమ్మకం.

లోపల చీకటికి కళ్లు అలవాటు పడనివ్వండి. మొదట్లో కిటికీలే లేవు. ఇప్పుడు పైకప్పులో తెరిచిన చిన్న కిటికీల నుంచి వెలుతురు జారుతోంది. ఇటువైపు మొద్దులు చదునుగా ఉన్నాయి. అరచేత్తో మెల్లగా నిమరండి, బాడిసతో చెక్కిన గాట్లు తగులుతాయి. మొద్దుల అంచుల్లో గాడి తీసి, సన్నటి ఓక్ బద్ద దూర్చి, ఈదురుగాలిని ఆపారు. ఆ వడ్రంగుల పేర్లు ఎక్కడా లేవు.

బలిపీఠం వైపు ట్యూడర్ కాలపు ఎర్ర ఇటుక. బాగానే ఉంది గానీ నా కాళ్లు మళ్లీ మొద్దుల దగ్గరికే లాగుతాయి.

ఈ మొద్దుల మధ్య జరిగిన ఒక పెళ్లి గురించి కూడా చెప్పాలి. డోర్సెట్‌లోని టోల్‌పడిల్‌లో కూలి తగ్గించారని సంఘం పెట్టుకుని, రహస్య ప్రమాణం చేసిన నేరానికి 1834లో ఆరుగురు వ్యవసాయ కూలీలను ఏడేళ్ల శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపేశారు. జనం భగ్గుమన్నారు. 1836లో క్షమాభిక్ష దొరికింది. తిరిగొచ్చాక వాళ్లలో కొందరికి ఈ గ్రీన్‌స్టెడ్‌లో కౌలుకు పొలం కుదిరింది. వాళ్లలో ఒకడైన జేమ్స్ బ్రైన్ 1839లో ఈ చర్చిలోనే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు ఎలిజబెత్, అతనితోపాటు శిక్షపడిన థామస్ స్టాండ్‌ఫీల్డ్ కూతురు. ఆ జంటకు ఇరుపక్కలా అప్పుడూ ఇవే మొద్దులు, ఇవే గాట్లు.