బాకీదారు గుమ్మంలో పుట్టిన ధర్నా

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎప్పుడో పదేళ్ల కిందట రద్దు చేయించుకున్న క్రెడిట్ కార్డు మీద నాకు పదకొండు వేల చిల్లర బాకీ ఉందట. ఆ కార్డు నేను ఒక్కసారీ వాడలేదు. ఏడాది రుసుం ఉండదని చెప్పి అంటగట్టారు, తర్వాత రుసుం వేశారు. నేను ఒప్పుకోలేదు. ఉత్తరం రాసి, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేశాను. తగువు అక్కడితో తెగిపోయిందనుకున్నాను. ఫోనులో కుర్రాడు ఆ బాకీ ఎలా వచ్చిందో చెప్పలేదు. "ముందు ఓ ఐదొందలు కట్టండి సార్, మిగతాది కడతానని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయండి చాలు" అన్నాడు. నేను కాదనగానే గొంతు మార్చాడు. ఇంటికి మనిషిని పంపిస్తామన్నాడు. అపార్ట్‌మెంట్‌లో పరువు పోతుందన్నాడు.

ఒక్క ముక్క రాయమనడం, ఇంటికొస్తామనడం. ఈ రెండూ ఆ కుర్రాడు కనిపెట్టినవి కావు. రెండింటికీ చాలా పాత చరిత్ర ఉంది.

ముందు ఇంటికి రావడం సంగతి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో అప్పు రాబట్టుకోవడానికి ఐదు దారులున్నాయి: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. మంచిమాట, న్యాయస్థానం, ఉపాయం, బలవంతం మనకూ తెలిసినవే. ఆచరితం అంటే వాడుకలో ఉన్న పద్ధతి. బాకీదారు గుమ్మం పట్టుకుని కూర్చోవడం అందులో ముఖ్యమైనది. ఈ రోజు కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని చేసే ధర్నాకు మూలం అదే. కూర్చునేవాడు అన్నం మానేస్తాడు. అతను పస్తుండగా లోపలివాళ్లు తినకూడదు. పద్దెనిమిదో శతాబ్దం చివర గవర్నర్ జనరల్‌గా పనిచేసిన జాన్ షోర్ కాశీలో నడిచే ఈ ఆచారాన్ని వర్ణించాడు. బ్రాహ్మణుడు విషమో బాకో చేత పట్టుకుని వాకిట్లో కూర్చుంటాడు, ఎవరైనా తనను దాటి వెళ్లబోతే ప్రాణం తీసుకుంటానంటాడు. అతను చస్తే బ్రహ్మహత్య ఆ ఇంటికి చుట్టుకుంటుంది. ఆ భయమే వసూలు చేసిపెట్టేది.

దక్షిణాదిలో ఇది మరో రూపంలో ఉండేది. పదమూడో శతాబ్దం చివర మన మోటుపల్లి గురించి, ఆ రాజ్యాన్నేలిన రాణి గురించి చెప్పిన మార్కో పోలో, పాండ్యుల సీమలో చూసిన సంగతి ఒకటి రాశాడు. అప్పిచ్చినవాడు బాకీదారు చుట్టూ నేల మీద గిరి గీస్తే, బాకీ తీర్చేదాకానో హామీ ఇచ్చేదాకానో అతను ఆ గిరి దాటకూడదు. దాటితే శిక్ష. అక్కడి రాజే ఒక పరదేశి వర్తకుడికి బాకీపడి వాయిదాలు వేస్తుంటే, ఆ వర్తకుడు గుర్రం మీదున్న రాజు చుట్టూ గిరి గీశాడట. బాకీ తేలేదాకా రాజు అక్కణ్నుంచి కదల్లేదట. నాకీ కథలో నచ్చేది రాజు ఆగడం. రాజుకైనా మామూలు బాకీదారుకైనా గిరి ఒకటే.

అయితే ఇన్ని పద్ధతులకూ మన ధర్మశాస్త్రం ఒక హద్దు పెట్టింది. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం, బాకీదారు ఒప్పుకున్న సొమ్మును సొంతంగా రాబట్టుకునేవాణ్ని రాజు తప్పుపట్టకూడదు. 'ఒప్పుకున్న' అన్న మాటే ఇక్కడ కీలకం. ఒప్పుకోని బాకీకి గుమ్మం కాదు, సభే దారి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర మన దేశంలో శతాబ్దాలపాటు చట్టంలా నడిచింది. దాన్ని పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఒప్పుకున్న బాకీ వేరు, తగువులో ఉన్న బాకీ వేరు అన్న తేడా అంత పాతది. నాకు ఫోను చేసిన కుర్రాడికి ఆ తేడా ఎవరూ నేర్పలేదు. నన్ను బాధపెట్టింది అదే.

ఇంగ్లీషువాళ్లు 1795లో కాశీ ప్రాంతంలో ధర్నాను నిషేధించారు. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో, దైవాగ్రహం తగులుతుందని భయపెట్టడం నేరమని చెప్పి, ఇతరుల గుమ్మం ముందు ధర్నా కూర్చోవడాన్నే ఉదాహరణగా ఇచ్చారు. ఆ వాకిలి మూతపడింది. ఆ తర్వాత వసూలు కాగితం మీదికి మళ్లింది.

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఒక ప్రోనోటు ఉంది. నాలుగు మడతల దగ్గరా చిరిగింది. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, కింద ఇద్దరు సాక్షులు, ఆ కింద దస్తూరి. వెనక్కి తిప్పితే చెల్లులు. 'వడ్డీ కింద రు. 5/- లు ముట్టినవి' అని ఒకటి, అదే మాట వేరే సిరాతో మరొకటి, మూడోది పెన్సిలుతో. తేదీలు చూస్తే ఒక్కో చెల్లుకీ మధ్య రెండేళ్ల పదకొండు నెలలు. ప్రతిసారీ మూడేళ్లకు ఒక్క నెల ముందు!

అప్పు మీద దావా వేయడానికి పెట్టిన ఈ మూడేళ్ల లెక్క 1859 నాటిది. అంతకుముందు మద్రాసు రాజధాని జిల్లా కోర్టుల్లో పన్నెండేళ్ల గడువుండేది. 1859లో దేశం మొత్తానికీ ఒకే కాలపరిమితి చట్టం వచ్చి, రిజిస్టరు కాని అప్పు పత్రానికి మూడేళ్లన్నారు. ఏనాటివో పాత కాగితాలు తీసి రైతు మీద దావా వేయకుండా ఆపడానికే ఆ కోత. జరిగింది వేరు. షావుకార్లు మూడేళ్లు నిండే ముందల్లా రైతుచేత నోటు తిరగరాయించారు. పేరుకున్న వడ్డీ అసలులో కలిసింది. 1875 మే 12న పుణె జిల్లా సుపా గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడ్డప్పుడు వెతికింది ఆ పత్రాల కోసమే. దొరికినవి దొరికినట్టు తగలబెట్టారు. దక్కన్ తిరుగుబాటుగా చరిత్రకెక్కిన ఆ అల్లర్ల మీద విచారణ జరిగింది. దాని తర్వాత 1879లో వచ్చిన చట్టం అక్కడి రైతు అప్పులకు గడువును మళ్లీ పెంచింది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1963 నాటి చట్టం. మామూలు అప్పులకు మూడేళ్లే. ఆ లోపల బాకీదారు సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి అది తన రాతలోనో సంతకంతోనో నమోదైనా, లెక్క మళ్లీ మొదటినుంచి. మూడేళ్లు దాటాక కొంత కట్టినంత మాత్రాన గడువు తిరిగి రాదు. కానీ కడతానని రాసి సంతకం పెడితే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది కొత్త ఒప్పందమవుతుంది. కుర్రాడడిగిన ఒక్క ముక్క బరువు అది. మా తాతగారి నోటు మీద చెల్లు పని, ఆ వాట్సాప్ ముక్కతో చేయించుకోవాలని వాళ్ల ప్రయత్నం. కాలదోషం పట్టినా అప్పు అప్పుగానే ఉంటుంది, దావా మార్గం మాత్రమే మూసుకుపోతుందని సుప్రీంకోర్టు 1957లో చెప్పింది. ఫోన్లు రావడం ఆగనిది అందుకే.

గుమ్మం మాత్రం మళ్లీ తెరుచుకుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వాయిదాల కోసం ఏజెంట్లు బాకీదారుల వాకిళ్లలో కూర్చున్నారు. అప్పు తీసుకున్న గుంపులోని తోటి సభ్యురాళ్లనే బాకీదారు ఇంటి మీదికి పంపారు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, వసూలు ఇళ్ల దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసులోనో కలెక్టరు చూపిన బహిరంగ స్థలంలోనో జరగాలంది. ఆ వాక్యం రాసినవాళ్లకు గుమ్మం అంటే ఏమిటో తెలుసు. ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చి ఫోనులోని పేర్ల జాబితానే గుమ్మం చేసుకున్నాయి. బావగారికి, ఆఫీసులో పైవాడికి, ఎప్పుడో నంబరు రాసుకున్న పాలవాడికి ఫోన్లు వెళ్లాయి. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల తరఫు వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదంది. నలుగురిలో అవమానించకూడదంది, బంధువుల, స్నేహితుల ఏకాంతంలోకి చొరబడకూడదంది.

ఆ సాయంత్రం నేను కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఈ బాకీ నేను ఒప్పుకోవడం లేదు. ఏ తేదీన, దేనికి, ఎంత వేశారో లెక్క పంపండి. నా పాత ఉత్తరానికి మీరిచ్చిన జవాబు నకలు పంపండి. ఇకపై ఏం చెప్పినా రాతలోనే చెప్పండి. 'కడతాను' అన్న మాట ఎక్కడా రాకుండా రెండుసార్లు చదువుకున్నాను. ముప్ఫై రోజులు చూసి, జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాద్దామనుకున్నాను. క్రెడిట్ రిపోర్టులో ఆ పద్దు మీద అభ్యంతరం అదే రాత్రి పెట్టాను.

పోస్టాఫీసు రసీదును తాతగారి ప్రోనోటు పక్కనే ట్రంకుపెట్టెలో ఉంచాను. లెక్క కాగితం ఇంకా రాలేదు. ఫోను మాత్రం వేరే నంబరు నుంచి ఇంకోసారి వచ్చింది. ఈసారి ఒక అమ్మాయి. ఉత్తరం అందిందా అమ్మా అని అడిగాను. ఏ ఉత్తరం సార్, అంది.