పెన్నయొడ్డున సేవాసంఘములు

పెన్నానది నెల్లూరు పట్టణమును దాటి, మొలగొలుకులు పండు మాగాణులను తడుపుచు సముద్రమును సమీపించుచోట, ఇందుకూరుపేట ప్రాంతమున, పల్లిపాడను గ్రామము కలదు. మైపాడు తీరమునకు విహారార్థము పోవువారిలో అనేకులు ఈ యూరి పేరు విననివారే. కాని, ప్రజాసేవకై కూడుకొనిన సంఘమొకటి తన చుట్టునున్న గ్రామములలోని వైరమును శమింపజేయగలదా, ఆ శమనమునకు దేశాంతరములందలి శాంతితో ఏమైన సంబంధముండునా యని యెవరైన నన్నడిగినచో, వారిని మొట్టమొదట ఆ పల్లిపాటికే తోడ్కొనిపోవుదును.

సేవాసంఘమను వ్యవస్థ ఈ రూపమున మనకు క్రొత్తది. చెరువులు త్రవ్వించుట, సత్రములు కట్టించుట, చలివేంద్రములు పెట్టించుట మన పూర్వులెరిగిన ధర్మకార్యములే. అయినను అవి యొక దాత సంకల్పముపై, ఆతని పుణ్యాపేక్షపై నిలిచినవి. కులమతములు వేరైన మనుష్యులు ఒక నియమావళికి లోబడి, చందాలు వేసికొని, తమవారు కానివారికొరకు క్రమముగ పనిచేయు పద్ధతి ఇరువదవ శతాబ్దపు ఆరంభమున బలపడినది. 1905 సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మువ్వురు మిత్రులను గూర్చి రోటరీ క్లబ్బునకు అంకురార్పణ చేసెను. ఆ యేటనే జూన్ 12వ తేదీన గోపాలకృష్ణ గోఖలే పూనాలో భారతసేవక సమాజమును స్థాపించెను. మొదటిది, వృత్తులందు కుదురుకొన్నవారు తమ తీరికను, ధనమును కొంత లోకమునకు పంచిపెట్టు సంస్థ. రెండవది, స్వల్పభృతితో యావజ్జీవితమును దేశమునకు సమర్పించిన వ్రతధారుల కూటమి. రోటరీ, లయన్సు సంఘములు పిమ్మట మన పట్టణములకును వచ్చి, నేత్రశిబిరములతోను రక్తదానములతోను ఎందరికో మేలుచేసినవి, చేయుచున్నవి. కాని నెల్లూరు తీరపు గ్రామములలో, మనుష్యునికి మనుష్యుని యెడ గల భయమును పోగొట్టిన పని ప్రధానముగ ఈ రెండవ తెగవారి పని. అందుచేత వారి కథనే యిచ్చట చెప్పదలచితిని.

ఆ కథయందు తొలుత స్మరింపవలసినవారు పొణకా కనకమ్మగారు. 1892లో మినగల్లున జన్మించి, బాల్యముననే పొట్లపూడికి కోడలై వచ్చిన ఈమె, పాఠశాల చదువు లేకున్నను స్వయంకృషిచే విదుషియై, 1913లో పొట్లపూడియందు సుజనరంజనీ సమాజమను పేర నొక సంఘమును, గ్రంథాలయమును నడపుటకు పూనుకొనిరి. సంపన్నమైన రెడ్డికుటుంబపు కోడలు గడపదాటి నలుగురిలో మాటలాడుటయే వింతగానున్న యా రోజులలో, ఆమె హరిజనవాడలతో సంబంధము పెట్టుకొని, పుస్తకమును వారి చేతికందించుట సామాన్యమైన సాహసము కాదు. అయితే ఆమె మనస్సు మొదట శాంతిమార్గమున నడచినది కాదు. విప్లవకారులయందు ఆమెకు గాఢమైన అభిమానముండెను. పల్లిపాటియొద్ద సేకరించిన పదమూడెకరముల నేల, రహస్యముగ ఆయుధాభ్యాసము చేయు యువకుల కొరకు తొలుత ఉద్దేశింపబడినదని చెప్పుదురు. తుపాకులకై యేర్పడిన ఆ నేలయే కొలదికాలములో రాట్నములకు నెలవైనది. ఈ మార్పును పిరికితనమనుకొనువారు కనకమ్మగారి కారాగారవాసములను మరచినవారు. అన్యాయమును చూచి రక్తముడికినవారే శాంతికై స్థిరముగ పనిచేయగలరనియు, అన్యాయమును చూచి నొచ్చుకొననివారి శాంతివచనము ఎవరి హృదయమునకును తగులదనియు నా దృఢమైన అభిప్రాయము.

గాంధీమహాత్ముడు నెల్లూరికి మొదట వచ్చినది 1915 మే మాసమున. దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు తిరిగివచ్చి అప్పటికి కొన్ని నెలలే యైనది. మరల 1921లో, మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కావలెనని తీర్మానించిన పిమ్మట, ఆయన ఆంధ్రదేశమున సంచరించుచు, ఏప్రిల్ 7వ తేదీన పల్లిపాటికి వచ్చి, పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు ప్రారంభోత్సవము చేసిరి. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య అను యువకులిరువురు ఆ యాశ్రమమునకు ప్రాణము. దక్షిణదేశపు సబర్మతియని దానికి పేరువచ్చినది వారి తపస్సువలననే.

ఆశ్రమముయొక్క ప్రధానభవనము పేరు రుస్తుంజీ భవనము. ఈ రుస్తుంజీ నెల్లూరివాడు కాడు, ఆంధ్రుడు కాడు, హిందువును కాడు. ఆయన దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరమున వ్యాపారము చేయు పారశీకుడు. 1897 జనవరి 13వ తేదీన గాంధీగారు డర్బన్ రేవున నోడ దిగినప్పుడు, తెల్లవారి గుంపొకటి రాళ్ళతోను, మురిగిన గ్రుడ్లతోను కొట్టి, తన్ని, ప్రాణములమీదికి తెచ్చినది. ఆ దారిన వచ్చుచున్న పోలీసు అధికారి భార్య గొడుగు విప్పి అడ్డునిలుచుటచేత ఆయన బ్రతికి, రుస్తుంజీ గృహమును చేరుకొనిరి. గుంపు ఆ యింటిని చుట్టుముట్టి, గాంధీని తమకప్పగింపుమని కేకలువేసినది. నాటి రాత్రి ఆ పోలీసు అధికారి అలెగ్జాండరు ఆయనకు కానిస్టేబులు వేషము వేయించి దాటించెను. తరువాత ప్రభుత్వము తానై అడిగినను, తన్ను కొట్టినవారిపై అభియోగము తెచ్చుటకు గాంధీగారు సమ్మతింపలేదు. తన యిల్లు తగులబడునేమో యని తెలిసియు అతిథిని విడువని ఆ రుస్తుంజీయే, తదనంతరకాలమున సత్యాగ్రహముచేసి చెరసాలలకేగెను. పల్లిపాటి యాశ్రమమునకు పదివేల రూపాయల విరాళమొసగినదియు ఆయనయే.

స్థానికశాంతి వేరు, లోకశాంతి వేరు అని విభజించి మాటలాడువారికి ఈ పదివేల రూపాయలను చూపింపవలెను. డర్బన్ వీధులలో, జాతిద్వేషము నడుమ, ఒక పారశీకుడును, ఒక గుజరాతీ న్యాయవాదియు, వారికడ్డునిలిచిన ఒక ఆంగ్లదంపతులును కలిసి నేర్చిన పాఠమే సముద్రముదాటి పెన్నయొడ్డునకు వచ్చినది. ఆ ధనము వెంట నొక పద్ధతియు వచ్చినది: ప్రతీకారము కోరకుండుట, శత్రువు ఎదుట తలవంచకుండుట, ఈ రెంటినడుమ ఏదైన ఒక ఉపయోగకరమైన పనిని నిత్యము చేయుచుండుట.

ఆశ్రమవాసుల నిత్యకృత్యము చూడబోయిన నిరాడంబరమైనది. వడకుట, నేయుట, చుట్టుప్రక్కల ఖద్దరు వ్యాపింపజేయుట, కల్లు సారాయములను మానుడని బోధించుట, అస్పృశ్యత పాటింపకుండుట. ఈ చివరి నియమమే అన్నింటికన్న కఠినమైనది. ఖద్దరు కట్టుటకు సమ్మతించిన గృహస్థులు సహపంక్తి యనగానే వెనుదీయుట ఆనాడు దేశమంతట చూచిన సంగతియే. ఆశ్రమము వాదములతో ఈ సమస్యను తెంచబూనలేదు. అందరును కలిసి వసించు స్థలమొకటి అక్కడ నిలబెట్టి, ఏండ్లతరబడి జనుల కన్నుల యెదుట ఉంచినది. హనుమంతరావుగారు ప్రకృతిచికిత్సయందు అచంచలవిశ్వాసము కలవారై, ఆశ్రమము స్థాపించిన కొలది సంవత్సరములకే, పిన్నవయసున దివంగతులైరి. ఆ దుఃఖమునకోర్చి కృష్ణయ్యగారు మున్నగువారు పనిని సాగించిరి. 1929 మే మాసమున గాంధీగారు మరల ఆశ్రమమునకు వచ్చిరి. ఆ పర్యటనలోనే, కనకమ్మగారు బాలికలకై 1923లో నెల్లూరియందు ప్రారంభించిన కస్తూరీదేవి విద్యాలయపు భవనమునకు శంకుస్థాపన చేసిరి. మరుసటియేట ఉప్పు సత్యాగ్రహము వచ్చినప్పుడు సత్యాగ్రహులు మైపాటి సముద్రతీరమున చట్టమును ధిక్కరించి ఉప్పు చేసిరి.

మద్యనిషేధమునుగూర్చిన యా బోధ వ్యర్థమైనదని తలచుటకు వీలులేదు. ఏడు దశాబ్దముల తరువాత ఇదే జిల్లాలోని దూబగుంటలో, అక్షరదీప కార్యక్రమమున రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, వాచకములోని సీతమ్మకథను చదివి, సారాయి దుకాణమును తమ యూరినుండి వెడలగొట్టిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడినది. సంధ్యవేళ భర్త అడుగులచప్పుడు విని వణకనక్కరలేని యిల్లు, శాంతికి అన్నింటికన్న మొదటి మెట్టు.

ఇటీవలికాలమున పల్లిపాటి యాశ్రమపు సంరక్షణభారమును భారతీయ రెడ్‌క్రాస్ సంఘపు నెల్లూరు శాఖవారు వహించుచున్నారు. ఇది ఎంతయు ఉచితమైన యేర్పాటు. 1859లో సోల్ఫెరినో రణరంగమున ఇరుపక్షముల క్షతగాత్రులు దిక్కులేక మూల్గుచుండుట చూచి, ఆంరీ ద్యూనాఁ అను స్విస్ వర్తకుడు ఆ చుట్టుప్రక్కల గ్రామస్త్రీలను పోగుచేసి, శత్రుమిత్రభేదము లేక ఉపచారము చేయించినందున గదా 1863లో జెనీవాయందు ఈ సంస్థకు బీజము పడినది! గాంధీగారును, సత్యాగ్రహమను పేరు పుట్టకముందే, 1899లో బోయరుయుద్ధము వచ్చినప్పుడు, సుమారు 1100 మంది భారతీయులతో గాయపడినవారిని మోయు దళమును కూర్చినవారు. వారి యాశ్రమము నేడు ఆ సంస్థ చేతిలో నుండుట బంధువు ఆస్తిని బంధువు కాపాడుటవంటిది.

కాని నెల్లూరు తీరమున సేవాసంఘములు చేసిన శాంతిసాధనలో నాకు అత్యంతము హృదయంగమమైన భాగము ఇంకొకటి కలదు. అది యానాదులకు సంబంధించినది. శ్రీహరికోట అడవులలో తేనెయు మూలికలును కట్టెలును సేకరించుచు, చెరువులలో చేపలు పట్టుచు, పొలముల గట్లపై నెలుకలు పట్టుచు, రైతుల పంటలకు కావలియుండుచు జీవించిన సాధుజనము వీరు. పంట కాచువాడు యానాదియే, పంట పోయిన రాత్రి మొదట పట్టుపడువాడును యానాదియే. 1911, 1924 సంవత్సరముల నేరస్థజాతుల చట్టముల క్రింద పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేయబడిన జాతులలో వీరును చేరిరి. వ్రేలిముద్రలు, పట్టీలు, రాత్రివేళ ఠాణాలో హాజరు పలుకుట, అనుమతిచీటి లేనిదే పొలిమేర దాటకుండుట, ఇవి వారి దినచర్యలైనవి. దొరతనమువారి లెక్కలో గ్రామములందు శాంతిభద్రతలు నెలకొన్నవి. గుడిసెలలోని తల్లులకు మాత్రము పోలీసుల లాంతరు కనబడని రాత్రి లేకపోయినది.

ఆ రోజులలో, ఆ చట్టముల క్రిందనే, కావలియందు ఎరుకలవారికై ఏర్పడిన సెటిల్మెంటును, అనగా నిర్బంధనివాసమును, అమెరికను బాప్టిస్టు మిషనువారు నడపిరి. శామ్యూల్ బాడెన్ దొర దానిని పెక్కేండ్లు పరిపాలించెను. చదువు, చేతిపనులు, వైద్యము అచ్చట లభించినమాట సత్యము. ఆ సేవలోని శ్రద్ధను నేను శంకింపను. కాని నిర్బంధమున నుంచబడినవానికి చేసిన ఉపకారము వాని భయమును పోగొట్టలేదు. తాళపుచెవి ప్రభుత్వము చేతనుండగా సేవకుడెంత దయాళువైనను కాపలాదారుగనే కనబడును.

నెల్లూరి న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ సమస్యను మరియొక వైపునుండి పట్టుకొనిరి. యానాదులను దిద్దవలసిన పనిలేదు, చట్టమును తీసివేయవలెనని వారి వాదము. యానాదుల గుడిసెలకు పోయి, వారిని సంఘముగ కూర్చి, తమ బాధను తామే చెప్పుకొనునట్లు చేయుట, వసతిగృహములు పెట్టించి పిల్లలను చదివించుట, అధికారులకు విన్నపములు పంపుట వారి జీవితకార్యమైనది. 1946లో మద్రాసున టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గమున వారు పార్లమెంటరీ కార్యదర్శిగ నుండిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున నేరస్థజాతుల చట్టము రద్దయినది. దేశమంతట అది తొలగిపోయినది 1952 ఆగస్టు 31న. గోఖలేగారి భారతసేవక సమాజమున సభ్యుడైన ఠక్కర్ బాపా 1948లో భారతీయ ఆదిమజాతి సేవకసంఘమును స్థాపింపగా, నెల్లూరి పని ఆ మహావృక్షమున నొక శాఖయైనది. రాఘవయ్యగారు యానాదులనుగూర్చి వ్రాసిన ఆంగ్లగ్రంథమును ఆ సంఘమే 1962లో ఢిల్లీనుండి ప్రకటించినది.

చట్టము పోయినంతమాత్రమున యానాదికి నిలువనీడ దొరకలేదు. 1969లో శ్రీహరికోట దీవి అంతరిక్షప్రయోగములకు ఎంపికకాగా, అచ్చటి యానాది కుటుంబములు దీవినుండి తరలవలసివచ్చినది. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి రాకెట్టు ఎగసినది. ఆ సంవత్సరమే నెల్లూరినుండి ఆదిమజాతి సేవకసంఘమువారు రాఘవయ్యగారి మరియొక ఆంగ్లగ్రంథమును ప్రకటించిరి. భారతదేశమున ఆదిమజాతులవారు చేసిన తిరుగుబాటుల చరిత్ర అది. జీవితమంతయు శాంతముగ సేవచేసిన వృద్ధుడు తిరుగుబాటుల చరిత్రను వ్రాయుటకు పూనుకొనుటలో నాకు విరోధమేమియు కనబడదు. అడవి చేజారుట, భూమి పరులపాలగుట, అప్పుక్రింద వెట్టిచేయుట మొదలైన కారణములు కొండలలోని జనులనెట్లు ఆయుధములు పట్టించెనో తెలియనివాడు, ఆ కారణములను ముందుగ తొలగించు పనికి ఎట్లు పూనుకొనగలడు? నేడు దుప్పట్లును బియ్యమును తీసికొని, పులికాటు ఒడ్డున, పెన్న పాయల ప్రక్కన నున్న యానాది వాడలకు వెళ్ళు మన పట్టణసంఘముల సభ్యులు, ఆ పంపకమును మానవలదు. కాని ఒక్కపూట అచ్చట కూర్చుండి, ఆ గుడిసె నిలిచిన నేల ఎవరి పేరనున్నదో, ఆ చెరువులో చేపపట్టు హక్కు ఎవరిదో, ఆ కుటుంబమునకు అప్పెంతయో అడిగి, వ్రాసికొని, ఆ కాగితమును తహసీలుదారు కచ్చేరికి తామే తీసికొనిపోవలెను. రాఘవయ్యగారు చేసిన పని ఇదియే.