తెలుగు సినిమాలో వీధి బాలుడు

నా అనేవాళ్ళు లేక, తెలివినీ రెక్కల కష్టాన్నీ నమ్ముకుని వీధుల్లో బతికే పిల్లవాడి పాత్ర సినిమాలో మూకీల కాలం నుంచీ ఉంది. తెలుగులో ఈ పాత్ర కథంతా తానే అయి నడిపించిన సందర్భాలు తక్కువ. పెద్ద కథానాయకుడి బాల్యంగా కాసేపు కనిపించి తప్పుకోవడమే ఎక్కువ.

నేపథ్యం

చార్లీ చాప్లిన్ 'ది కిడ్' (1921) ఈ తరహా కథలకు తొలి మేలిరూపం. అందులో జాకీ కూగన్ పోషించిన కుర్రవాడు రాళ్ళు రువ్వి కిటికీ అద్దాలు పగలగొడతాడు. వాణ్ణి పెంచిన చాప్లిన్ కొత్త అద్దాలు వీపున మోసుకుంటూ ఏమీ ఎరగనట్టు అటుగా వస్తాడు. ఇద్దరికీ ఆ పూట గడుస్తుంది. విట్టోరియో డి సికా 'షూషైన్' (1946) రోమ్ వీధుల్లో బూట్లు తుడిచే పిల్లల కథ. రాజ్ కపూర్ నిర్మించిన హిందీ చిత్రం 'బూట్ పాలిష్' (1954)లో భోలా, బేలు అనే అన్నాచెల్లెళ్ళు బిచ్చమెత్తిన డబ్బులో కొంత దాచుకుని పాలిష్ సామాను కొనుక్కుంటారు. వానలు పడగానే బేరాలు ఆగిపోయి మళ్ళీ పస్తులే. అయినా చేయి చాచకూడదన్న పట్టుదలే ఆ కథకు ప్రాణం.

తెలుగు చిత్రాలు

బాపు దర్శకత్వం వహించిన 'బాలరాజు కథ' (1970) తమిళ 'వా రాజా వా'కు తెలుగు రూపం. మహాబలిపురంలో యాత్రికులకు శిల్పాలు చూపించి పొట్టపోసుకునే చురుకైన కుర్రవాడిగా మాస్టర్ ప్రభాకర్ నటించాడు. గుణ్ణం గంగరాజు 'లిటిల్ సోల్జర్స్' (1996)లో తల్లిదండ్రులను కోల్పోయిన అన్నాచెల్లెళ్ళు తమ ప్రాణాల మీదికి వచ్చినవాళ్ళను ఉపాయంతో ఎదుర్కొంటారు. వీధి బాలల బతుకును సూటిగా తీసుకున్నది అక్కినేని కుటుంబరావు 'భద్రం కొడుకో'. 1990ల తొలినాళ్ళ ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. రాజమౌళి 'ఛత్రపతి' (2005)లో తల్లికి దూరమై విశాఖ రేవులో పెరిగిన బాలుడు త్వరగానే పెద్దవాడై, కథ పగ వైపు మళ్ళుతుంది.

'సలాం బాంబే!' ప్రభావం

మీరా నాయర్ 'సలాం బాంబే!' (1988) ఈ కథల తీరునే మార్చింది. సర్కస్ వాళ్ళు వదిలేసి పోగా బొంబాయి చేరిన కృష్ణ టీలు అందిస్తూ, ఇంటికి తిరిగి వెళ్ళడానికి 500 రూపాయలు కూడబెట్టాలని చూస్తాడు. వీధి బాలలకే శిక్షణ ఇచ్చి నటింపజేయడం ఇందులో విశేషం. కృష్ణగా నటించిన షఫీక్ సయ్యద్ ఉత్తమ బాలనటుడిగా జాతీయ పురస్కారం పొందాడు. ఈ చిత్రం ఫలితంగానే సలాం బాలక్ ట్రస్ట్ ఏర్పడింది.

తెర వెలుపల

ఇల్లు వదిలిన పిల్లలకు రైలు సులువైన దారి. అందుకే ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ మార్గాలు కలిసే వరంగల్ పక్కనున్న కాజీపేట వంటి జంక్షన్లలో నిఘా ముఖ్యం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోన్ సేవ 1996లో ముంబయిలో మొదలై దేశమంతటా విస్తరించింది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జులైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరిట తప్పిపోయిన పిల్లలనూ, పనుల్లో మగ్గుతున్నవారినీ గుర్తించి ఇళ్ళకో, సంరక్షణ గృహాలకో చేరుస్తున్నారు. ఇలాంటి పిల్లల ఆలనాపాలనా 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందికి వస్తుంది.