పాతనగరంలో రామన్ చదివిన బడి

విశాఖపట్నం పాతనగరంలోని సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలుకు 2027లో 180 ఏళ్లు నిండుతాయి. మధురవాడ, రుషికొండ దాకా పాకిన మహానగరం కాదు బడి పుట్టిన నాటి విశాఖ. ఇవాళ మనం వన్‌టౌన్ అంటున్న ప్రాంతమే దాదాపుగా ఊరంతా.

తెలుగునాట కతోలికుల చరిత్ర ఈ బడికన్నా పాతది. 1701లోనే ఫ్రెంచ్ జెస్యూట్లు పుంగనూరు చేరారు. విశాఖలో ఈ బడి కథ మాత్రం 1846లో మొదలైంది. ఆల్ప్స్ కొండల దగ్గరి అన్సీ పట్టణం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు వచ్చారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికాను చుట్టి, పాండిచ్చేరిలో దిగి, ఇక్కడికి చేరారు. ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్న ఆ ఫాదర్లు ఏడాది తిరిగేసరికి ఈ ఇంగ్లిష్ బడి తెరిచారు. ఈస్టిండియా కంపెనీ సైనికుల కుటుంబాలకు, ఆంగ్లో ఇండియన్లకు కావలసిన చదువు అదే. 1849లో అన్సీ నుంచే సెయింట్ జోసఫ్ సిస్టర్లు యానాం వచ్చారు.

ఈ బడికి దేశమంతా తలుచుకోదగ్గ ఘట్టం ఒకటుంది. తిరుచిరాపల్లిలో నెలకు పది రూపాయల జీతానికి పాఠాలు చెప్పిన చంద్రశేఖర అయ్యర్ 1892లో ఏవీఎన్ కాలేజీ అధ్యాపకుడిగా కుటుంబంతో విశాఖ వచ్చారు. గణితం, భౌతికశాస్త్రం బోధించడం ఆయన వృత్తి. వయొలిన్ ఆయన ప్రాణం. నాలుగేళ్లయినా నిండని కొడుకు వెంకట రామన్ ఇక్కడే పెరిగి, సెయింట్ అలోషియస్‌లో చదివాడు. తమిళ ఇంటి పిల్లవాడు, తెలుగు ఊరు, యూరప్ ఫాదర్లు పెట్టిన బడి! పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు, పదమూడేళ్లకు ఏవీఎన్‌లో ఎఫ్ఏ పూర్తిచేసి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. నాన్న చేతిలో చూసిన వయొలిన్ తీగల కంపనాలపై తర్వాత పరిశోధనలే చేశాడు. 1921లో ఓడలో మధ్యధరా సముద్రం దాటుతూ, నీటి నీలిమకు కారణమేమిటని ఆలోచనలో పడ్డాడు. ఆ అన్వేషణే 1930 నోబెల్ దాకా నడిపించింది. అలలు వినిపించే ఊళ్లో అక్షరాలు దిద్దినవాడికి ఆ ప్రశ్న తట్టడం ఎంత సహజం!

ఆ తర్వాత కథ ఒక్క దారిన సాగదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాక జనం ఊరొదిలారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆంగ్లో ఇండియన్లు చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు. 1958లో సెయింట్ జోసఫ్ సిస్టర్లు జ్ఞానాపురంలో మహిళా కళాశాల ప్రారంభించారు. మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో ఎయిడెడ్ సంస్థల విలీనంపై తల్లిదండ్రులు రోడ్డెక్కాక ప్రభుత్వం మెత్తబడింది. కార్పొరేట్ స్కూళ్ల పోటీ సరేసరి.

ఇన్ని మార్పుల మధ్య పాత ఆనవాళ్లు చెదిరిపోవడం ఎంతసేపు? తాతల నాటి టీసీ, మార్కుల జాబితా, గ్రూప్ ఫొటో మీ ఇంటి పెట్టెలో ఉంటే పారేయకండి. 180 ఏళ్లు నిండేలోగా వాటి నకళ్లు బడికి అందజేయండి.