తలుపు కీలు నుంచి పోలవరం గేటు దాకా: పిడి ఎవరి చేతిలో ఉంది?

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే మన పిల్లల నోట ఒక మాట తరచూ వస్తుంటుంది. "మెషీన్లు, మెకానిజాలు మన ఇళ్ళల్లో ఎప్పుడున్నాయి? అందుకే ఆ సబ్జెక్టు మనకి ఎక్కదు" అంటారు. ఆ మాట నిజం కాదు. మన ఇంటి తలుపే ఒక యంత్రం. ఆ తలుపు చరిత్ర పట్టుకుని నడిస్తే చెరువు తూము, ఇల్లందు బొగ్గు గని దాటి పోలవరం గేటు దగ్గర తేలతాం. కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

ముందు ఇంటి నుంచే మొదలుపెడదాం. మన పాత ఇళ్ళు చాలావాటికి తడికే తలుపు. వెదురు బద్దలతో అల్లి, ఒక పక్క గుంజకి నారతోనో తాడుతోనో కడతారు. ఆ కట్టే కీలు. చెక్క తలుపులున్న పాత ఇళ్ళల్లో కూడా ఇనప బందులు ఉండేవి కావు. తలుపు చెక్కకే ఒక అంచున పైనా కిందా బొడిపెలు వదిలి చెక్కేవాళ్ళు. కింది బొడిపె గడప దగ్గర తవ్విన గుంటలో, పైది ద్వారబంధం రంధ్రంలో కూర్చునేది. కిర్రుమంటే చుక్క నూనె, అంతే. వేల ఏళ్ళ కిందట మెసొపొటేమియా గుళ్ళల్లో కూడా తలుపులు ఇలాగే తిరిగేవి. అక్కడ కింది గుంట రాతిలో ఉండేది.

ఇప్పుడు ఒక పని చేసి చూడండి. తలుపుని పిడి దగ్గర వేలితో నెట్టండి, కదులుతుంది. కీలు పక్కనే నెట్టండి, చాలా బలం పెడితే గానీ కదలదు. కీలు మీదుగా పోయే బలం తలుపుని తిప్పలేదు. తలుపు బరువంతా కీలు మోస్తుంది, తెరవాలా మూయాలా అన్నది మాత్రం పిడి దగ్గర తేలుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

అడవి దాటి ఖమ్మం మైదానంలోకి దిగితే చెరువులు. కాకతీయుల కాలం నుంచి ఈ నేల చెరువుల మీదే బతికింది. చెరువుకి తలుపు తూము. పాత తూముల దగ్గర నీళ్ళల్లో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య రంధ్రాలున్న అడ్డరాళ్ళు ఉంటాయి. ఆ రంధ్రాల్లోంచి పొడుగాటి కర్ర కిందికి దిగుతుంది. కర్ర చివర మొనదేలిన కొయ్య దిమ్మె తూము కంతలో బిగుసుకుంటుంది. కర్ర పైకి లాగితే నీళ్ళు పారతాయి, దించితే ఆగుతాయి. ఆ పని చేసేది నీరటి. అది అందరికీ న్యాయంగా నడిచిందని నేననను, చాలాచోట్ల పెద్ద రైతు మాటే చెల్లేది. కానీ కర్ర పట్టుకున్న మనిషి ఊళ్ళోనే ఉండేవాడు. నీళ్ళు ఎందుకు వదల్లేదని పోయి నిలదీయడానికి ఒక ముఖం ఉండేది.

తర్వాత బొగ్గు వచ్చింది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. భూమి కింద గనిలో గాలి తనంతట తాను సరిగ్గా తిరగదు, దారి చూపించాలి. ఆ దారి చూపించేవి తలుపులే. ఇంగ్లండ్ గనుల్లో ఒకప్పుడు ఈ గాలి తలుపుల దగ్గర చిన్నపిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టేవారు. బొగ్గు బండి వస్తే తాడు లాగి తెరవాలి, వెళ్ళగానే మూయాలి. పిల్ల నిద్రపోయి తలుపు తెరిచి ఉండిపోతే లోపల ప్రమాదకరమైన వాయువు పేరుకునేది. 1842 చట్టంతో ఆడవాళ్ళని, పదేళ్ళలోపు మగపిల్లల్ని గని లోపల పెట్టడం నిషేధించారు. గాలి తలుపుని కొంచెం వాలుగా బిగిస్తే దాని బరువుకి అదే మూసుకుంటుంది. పిల్ల చేసే పనిని ఒక వాలు చేసిపెట్టింది. మంచి మెకానిజం అంటే అది.

ఇక గేట్లు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకున్న 1886లోనే అమెరికాలోని విస్కాన్సిన్‌లో జెరెమియా టెయింటర్ అనే ఆయన ఒక గేటుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఆలోచన అంతకుముందే ఉన్నా, పేరు ఆయనది నిలిచింది. అక్కడ నదుల్లో కలప దుంగలు తేల్చి పంపేవాళ్ళు. మన గోదావరి మీద రాజమండ్రికి కలప తెప్పలు కట్టి పంపినట్టే. దుంగలు తేలాలంటే నీళ్ళు ఆపాలి, సమయానికి వదలాలి. మామూలు పలక గేటుని నీళ్ళు గాడికేసి నొక్కిపెడతాయి, ఎత్తడం కష్టం. టెయింటర్ గేటు విల్లులా వంగి ఉంటుంది. రెండు చేతుల్లాంటి దూలాలు దాన్ని వెనకున్న ఇరుసుకి కలుపుతాయి. నీళ్ళ ఒత్తిడి ఏ చోట పడినా ఆ ఇరుసు వైపే పోతుంది. అంటే కీలు మీదుగా పోతుంది. మన తలుపు సూత్రమే! అందుకే ఎత్తడానికి గేటు బరువు, రాపిడి దాటితే చాలు, నీళ్ళతో కుస్తీ పట్టక్కర్లేదు. వీటినే రేడియల్ గేట్లు అంటారు.

పోలవరం స్పిల్‌వేలో ఇలాంటివి 48. ఒక్కోటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. ఒక్కో గేటుకి రెండు చొప్పున మొత్తం 96 హైడ్రాలిక్ సిలిండర్లు వాటిని ఎత్తుతాయి. 2021 జూన్ 11న గోదావరిని ఆ స్పిల్‌వే మీదుగా మళ్ళించారు.

ఆ గేటు వెనక ఉన్నది మనం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి: చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, పట్టణం తప్ప భద్రాచలం మండలం. ఒక తలుపు కోసం గడపే జరిగిపోయింది. వరదలు ఆ గేట్ల వల్లే మొదలయ్యాయని ఎవరైనా అంటే అది తప్పు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది, అప్పటికి పోలవరం గేట్లు లేవు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వెనుక నీటి ప్రభావం ఎంత అన్నదాని మీద రెండు రాష్ట్రాలు వాదించుకుంటూనే ఉన్నాయి.

భద్రాచలం కరకట్ట చూసినా ఇదే కథ. గోదావరి పెరిగితే స్లూయిస్ షట్టర్లు దించుతారు. నది లోపలికి రాదు, నిజమే. కానీ ఊళ్ళో పడిన వాన నీరు కూడా బయటికి పోదు, మోటార్లతో తోడాలి. తలుపు మూస్తే రెండు వైపులా మూసినట్టే. చర్ల దగ్గర తాలిపేరుకి 25 గేట్లు. ఛత్తీస్‌గఢ్‌లో గట్టి వాన పడితే ఇక్కడ గేట్లు లేస్తాయి.

అంటే ఏమైంది? తడిక తాడు ఇంటామె చేతిలో ఉండేది. తూము కర్ర ఊరి నీరటి చేతిలో ఉండేది. ఇప్పుడు పిడి కంట్రోల్ రూములో ఉంది. సూత్రం మారలేదు, పిడి మాత్రం దూరం జరుగుతూ పోయింది. బరువు మోసేది మాత్రం కీలు దగ్గర ఉన్నవాళ్ళే.

అందుకే ఫిట్టర్ ట్రేడ్, మెకానికల్, సివిల్ చదివే మన పిల్లలు దీన్ని మార్కుల సబ్జెక్టుగా మాత్రమే చూడొద్దు. మీ ఊరికి పైనా కిందా ఏ గేట్లున్నాయి, ఎన్ని అడుగులకి ఎత్తుతారు, ఎత్తే ముందు కబురు ఎవరికి, ఎన్ని గంటల ముందు వస్తుంది? ఇవి తెలుసుకుని రాసిపెట్టండి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకి ఒకటి, రెండు, మూడో ప్రమాద హెచ్చరికలు. మీ ఊరి వాగు ఏ మట్టానికి ఎదురు తంతుందో మీ పెద్దవాళ్ళని అడిగి పక్కన రాసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. ఆ సభలో డ్రాయింగ్ చదవగలిగిన మన పిల్ల ఒక్కతి కూర్చుంటే మాట్లాడే తీరే మారిపోతుంది.

మీ ఊళ్ళో బొడిపెల తలుపు గానీ పాత తూము గానీ మిగిలి ఉంటే ఫోటో తీసి, అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు రాసి కింద పెట్టండి.