హైదరాబాద్ – విజయవాడ: విమాన దూరం, ప్రయాణ సమయం

(నేపథ్య సమాచారం: పత్రికా విలేకరులు, అధికారుల వినియోగార్థం)

కట్టంగూర్ (నల్లగొండ జిల్లా): హైదరాబాద్ నుండి విజయవాడకు విమానంలో సుమారు ఒక గంట, రోడ్డు మార్గాన సుమారు ఐదు గంటల సమయం పడుతుంది. ఈ రెండు అంకెలను మాత్రమే పోల్చి నాలుగు గంటలు ఆదా అవుతాయని పేర్కొనడం సరికాదు. జాతీయ రహదారిపై నార్కట్‌పల్లి, నకిరేకల్ మధ్య గల కట్టంగూర్ మండల ప్రజల విషయంలో ఈ లెక్క పూర్తిగా తారుమారవుతుంది.

దూరం

రెండు నగరాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 250 కి.మీ. శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల మధ్య కొలిస్తే సుమారు 264 కి.మీ., అనగా సుమారు 143 నాటికల్ మైళ్లు. రెండు అంకెలూ సరైనవే. కొలిచిన స్థానాలు వేరు. విమానాశ్రయాలను కలిపే రేఖ నల్లగొండ పట్టణానికి దక్షిణంగా, మిర్యాలగూడ సమీపం నుండి సాగుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) మీదుగా దూరం సుమారు 275 కి.మీ. మాత్రమే. రహదారి పెద్దగా చుట్టు తిరగనందున విమాన దూరానికి, రోడ్డు దూరానికి వ్యత్యాసం స్వల్పం.

సమయం

గంటకు 500 కి.మీ. వేగంతో ఎగిరే ఏటీఆర్ తరహా విమానానికి 264 కి.మీ. దూరం లెక్క ప్రకారం 32 నిమిషాలే. అయితే విమానం నిలిచిన చోటు నుండి కదిలి, రన్‌వే చేరి, పైకి లేచి, దిగి, తిరిగి నిలిచే వరకు పట్టే మొత్తం కాలాన్ని ప్రయాణ సమయంగా ప్రకటిస్తారు. అందువల్లనే అది గంటకు చేరుతుంది. ప్రయాణికుడు విమానాశ్రయానికి చేరడం, తనిఖీలు, సామాను తీసుకోవడం ఇందులో చేరవు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాద్‌కు మారాయి. గన్నవరానికి విమాన దూరం దాదాపు మారలేదు. నగరవాసులు విమానాశ్రయం చేరడానికి పట్టే సమయం మాత్రం పెరిగింది.

కట్టంగూర్ నుండి అంచనా

విమానంలో:
– ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు సుమారు 110 కి.మీ.: 2 గంటలు
– విమానాశ్రయంలో తనిఖీలు, నిరీక్షణ: 2 గంటలు
– విమానం: 1 గంట
– గన్నవరంలో సామాను తీసుకొని విజయవాడ చేరడం: 1 గంట
– మొత్తం: 6 గంటలు

రోడ్డు మార్గాన: నేరుగా సుమారు 175 కి.మీ., మూడున్నర గంటలు.

విమానం కొరకు ఈ ప్రాంతవాసి ముందుగా గమ్యానికి వ్యతిరేక దిశలో పయనించవలసి ఉంటుంది. నాలుగు వరుసల రహదారి అందుబాటులో ఉన్నందున విజయవాడకు రోడ్డు మార్గమే శ్రేయస్కరం. రోడ్డు మార్గాన 600 కి.మీ.కు పైగా దూరం గల హైదరాబాద్ – విశాఖపట్నం వంటి ప్రయాణాలలో విమానం వల్ల సమయం నిజంగా ఆదా అవుతుంది.

విలేకరులు దూరాన్ని పేర్కొనేటప్పుడు అది నగరాల మధ్యదా, విమానాశ్రయాల మధ్యదా అన్నది స్పష్టం చేయడం సముచితం. అధికారులు పర్యటన కార్యక్రమాలను బయలుదేరే చోటు నుండి గమ్యస్థానం వరకు పట్టే మొత్తం సమయం ఆధారంగా రూపొందించుకోవడం మేలు. వర్షాలు, పండుగల రద్దీ, రహదారి మరమ్మతుల సమయాలలో పై అంచనాలు మారతాయని గమనించగలరు.